పైకి ఏమీ కనిపించని రోజులు

మా వీధి చివరింట్లో ఏడేళ్ల పిల్లాణ్ని వీధికుక్క కరిచింది. పిక్క మీద రెండు గాట్లు, కాస్త రక్తం. వాళ్ల నాన్న అప్పటికప్పుడు కుళాయి కింద సబ్బుతో కడిగి, గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లి సూది వేయించాడు. మూడో రోజుది, ఏడో రోజుది కూడా అయిపోయాయి. పదకొండో రోజు పొద్దున వాళ్ల నానమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ నన్ను ఆపింది. "పది రోజులు దాటాయి కదమ్మా. పిల్లాడు చూడు, ఎలా గెంతుతున్నాడో. గండం గడిచినట్టేగా? ఇంకా ఇరవై ఎనిమిదో రోజు కూడా రమ్మంటారేంటి?"

ఆవిడ అడిగినదాంట్లో తెలివితక్కువతనం ఏమీ లేదు. ముల్లు గుచ్చుకుంటే నొప్పి అప్పుడే పుడుతుంది. కారం తింటే నోరు అప్పుడే మండుతుంది. కారణమూ ఫలితమూ ఒకదాని వెంట ఒకటి రావడం మనకు అలవాటు. రెంటి మధ్య కొన్ని రోజులు ఖాళీగా గడిచాయంటే, ఇక రావలసింది ఏమీ లేదనుకుంటాం. వైద్యంలోనూ మనస్తత్వశాస్త్రంలోనూ ఆ ఖాళీకి ఒక పేరుంది: గుప్త కాలం, లేదా గుప్త దశ. గుప్తం అంటే దాగినది, లేనిది కాదు. ఈ ఒక్క తేడా తెలియక మన ఇళ్లలో జరిగే నష్టం చాలా ఉంది. అందుకే కాస్త నిదానంగా చెప్పాలనిపించింది.

ముందు నానమ్మగారి పది రోజుల లెక్క చూద్దాం. "పది రోజులు కనిపెట్టి చూడాలి" అన్న మాట మన ఊళ్లలో దాదాపు అందరూ విన్నదే. కానీ ఆ పది రోజులూ చూడాల్సింది కుక్కని, పిల్లాణ్ని కాదు. రేబిస్ వైరస్ ముందు కుక్క మెదడుకు చేరి, అక్కణ్నుంచి దాని ఉమ్మిలోకి దిగుతుంది. ఉమ్మిలోకి వచ్చిన కొద్ది రోజులకే కుక్కకు జబ్బు బయటపడి చచ్చిపోతుంది. కాబట్టి కరిచిన పది రోజుల తర్వాత కూడా కుక్క మామూలుగా తిని తిరుగుతుంటే, కరిచిన నాటికి దాని ఉమ్మిలో రేబిస్ లేదని అర్థం. మనిషి సంగతి వేరు. కాటు పడిన చోట కండలో వైరస్ కొంతకాలం ఉండి, దగ్గర్లోని నరంలోకి చేరి, ఆ నరం వెంట మెల్లగా మెదడు వైపు నడుస్తుంది. ఈ ప్రయాణానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోనే ముగుస్తుంది, ఒక్కోసారి ఏడాది దాకా పోతుంది. ముఖం మీద కరిస్తే దారి దగ్గర, పాదం మీద కరిస్తే దూరం. అన్ని రోజులూ మనిషి తింటాడు, నవ్వుతాడు, పనికి పోతాడు. ఆ తర్వాత నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోవడం లాంటి లక్షణం ఒక్కటి బయటపడిందా, ఇక ఏ మందూ దాదాపు పనిచేయదు.

ఇంత భయంకరమైన జబ్బుకి కాటు పడిన తర్వాత కూడా టీకా వేసి మనిషిని కాపాడగలుగుతున్నామంటే, కారణం ఆ గుప్త కాలమే. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌ని తీసుకొచ్చేసరికి కుక్క కరిచి రెండు రోజులైంది. వరసగా పదమూడు సూదులు వేశారు, పిల్లాడు బతికాడు. వైరస్ నరం వెంట నడిచేలోపు ఒంట్లో రక్షణ తయారవ్వాలి. ఇది పరుగు పందెం లాంటిది. టీకాకు కూడా తన గుప్త కాలం ఉంది. సూది పడిన నాడే రక్షణ రాదు, ఓ వారం పది రోజులైనా పడుతుంది. అందుకే రక్తం వచ్చేలా కరిచినప్పుడు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ అనే సిద్ధంగా ఉన్న రక్షణను కూడా ఎక్కిస్తారు. టీకా అందుకునేదాకా అది కాపలా కాస్తుంది. గవర్నమెంటు ఆసుపత్రుల్లో చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతిలో తొలి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు సూదులు ఉంటాయి. చివరిది ఆ రక్షణను గట్టిపరచడానికి.

కుక్కకాటుకు పసరు పోసే వాళ్లకు, గాయానికి కారం, సున్నం పెట్టే వాళ్లకు పేరు రావడానికి కారణం కూడా ఇదే. కరిచిన కుక్కలన్నిటికీ రేబిస్ ఉండదు. ఉన్నా, జబ్బు మామూలుగా నెలల తర్వాత గానీ బయటపడదు. పసరు పోసిన వారానికి మనిషి బాగున్నాడు కాబట్టి పసరుకు ఫలం దక్కినట్టు కనిపిస్తుంది. మూడు నెలలకు మనిషి పోతే, ఆ పాత కాటు ఎవరికీ గుర్తుకు రాదు. నా దృష్టిలో ఈ అమాయకత్వం వెనక మూర్ఖత్వం లేదు. గుప్త కాలం గురించి ఎవరూ విడమర్చి చెప్పలేదు, అంతే.

అంటువ్యాధుల్లో ఈ కాలాన్ని పాఠ్యపుస్తకాల్లో పొదిగే కాలం అంటారు. మంచి మాట. కోడి గుడ్ల మీద కూర్చుంటే ఇరవై ఒక్క రోజులు పైన గుడ్డు గుడ్డులాగే ఉంటుంది, మార్పంతా పెంకు లోపలే. ఒంట్లో క్రిమి చొరబడిన నాటినుంచి మొదటి లక్షణం కనిపించే నాటిదాకా పొదిగే కాలం. ఇక్కడ చాలామంది కలిపేసే రెండో లెక్క ఒకటుంది: క్రిమి చొరబడిన నాటినుంచి, ఆ మనిషి ఇంకొకరికి అంటించగలిగే నాటిదాకా ఎంతకాలం? ఇది పొదిగే కాలంతో సమానం కానక్కర్లేదు. ఒక జబ్బు ఊరంతా పాకుతుందా, కట్టడిలో ఉంటుందా అన్నది చాలావరకు ఈ రెండు గడియారాల్లో ఏది ముందు మోగుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

2003లో సార్స్ వచ్చినప్పుడు రోగి అంటించడం ఎక్కువగా జ్వరం వచ్చాకే మొదలయ్యేది. జ్వరం ఉన్నవాణ్ని విడిగా ఉంచితే గొలుసు తెగింది. కోవిడ్‌లో ఆ వరస తిరగబడింది. దగ్గు, జ్వరం రాకముందే, తనకేమీ లేదనుకుని పెళ్లికి వెళ్లినవాడు అక్కడ పదిమందికి అంటించి రాగలిగాడు. వాణ్ని తప్పుపట్టి ఏం లాభం? లోపల ఏం జరుగుతోందో వాడికీ తెలియదు. ఆటలమ్మ కూడా అంతే. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది. పొక్కులు చూశాక పిల్లాణ్ని బడి మాన్పించేసరికి పక్క బెంచీ వాడికి చేరిపోయి ఉంటుంది.

హైదరాబాదువాళ్లకు ఈ గుప్త కాలం ఒక పేరు రూపంలో రోజూ వినిపిస్తూనే ఉంటుంది, పోల్చుకోరు గానీ. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని పెద్దవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాటే మన నోళ్లలో నలిగి కోరంటి అయింది. ఇటలీ భాషలో క్వారంటా అంటే నలభై. ప్లేగు రోజుల్లో వెనిస్ రేవుకి వచ్చిన ఓడల్ని నలభై రోజులు ఆపి ఉంచేవారు. క్రిమి అంటే ఏమిటో ఆ కాలానికి ఎవరికీ తెలియదు. అయినా జబ్బు మనిషిలో దాగి ఉండగలదనీ, ఆ దాగుడు కాలం గడిచేదాకా ఆగాలనీ అనుభవం మీద కనిపెట్టారు.

అదే ఆసుపత్రికి అధికారికంగా సర్ రొనాల్డ్ రాస్ పేరుంది. ఆయన కథ కూడా గుప్త కాలం కథే. 1897 ఆగస్టు 16న సికింద్రాబాదులో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించి, ఆ దోమల్ని దాచి ఉంచాడు రాస్. నాలుగు రోజులాగి, 20వ తేదీన ఒక దోమను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, పొట్ట గోడ మీద నల్లటి రంగు రేణువులతో గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు మిగిలిన దోమను కోశాడు. అదే కణాలు, కాస్త పెద్దవిగా. ఒక్క రోజులో పెరిగాయి. అంటే దోమ ఒంట్లో ఏదో బతికి ఎదుగుతోంది. రోగి రక్తం తాగిన దోమ అదే రాత్రి ఇంకొకరికి మలేరియా ఇవ్వలేదు. పరాన్నజీవి దోమలో ఎదిగి, దాని ఉమ్మి గ్రంథులకు చేరడానికి పది రోజులు, అంతకు మించి కూడా పడుతుంది. కుట్టించిన వెంటనే కోసి చూసి ఉంటే రాస్‌కి ఏమీ దొరికేది కాదు.

మలేరియాలోనే ఇంకో రకం దాగుడు ఉంది. వైవాక్స్ మలేరియాలో పరాన్నజీవులు కొన్ని కాలేయంలో నిద్రపోతాయి. జ్వరం తగ్గి, అంతా మరిచిపోయిన నెలలకు అవి లేచి మళ్లీ జ్వరం తెస్తాయి. అందుకే డాక్టరు జ్వరం తగ్గాక కూడా పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ మాత్రలు వాడమంటారు. అవి ఈ నిద్రపోతున్నవాటి కోసం. (కొందరి ఒంటికి ఈ మందు పడదు, కాబట్టి సొంతంగా కొని వేసుకోకూడదు.) చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ కూడా ఒంట్లోంచి పోదు. వెన్ను పక్కనున్న నరాల ముడుల్లో నలభై యాభై ఏళ్లు పడుకుని, వయసు మీదపడి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు నడుం చుట్టూ పట్టీలా సర్పి రూపంలో బయటికొస్తుంది.

వీటన్నిటిలో మన ఇళ్లకు బాగా దగ్గరైనది క్షయ. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి క్షయ క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో 5 నుంచి 10 శాతం మందికే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది. మిగతావాళ్లలో ఒంటి రక్షణ కణాలు క్రిమి చుట్టూ గోడ కట్టి కూర్చుంటాయి. దగ్గు ఉండదు, ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, ఎవరికీ అంటదు. ఆ గోడను మన ఒళ్లు రోజూ కాస్తూ ఉండాలి. షుగర్ అదుపు తప్పినా, తిండి చాలకపోయినా, హెచ్‌ఐవీ సోకినా గోడ బలహీనపడుతుంది. ఇంట్లో ఒకరికి క్షయ అని తేలితే, ఆశా కార్యకర్త వచ్చి మిగతావాళ్లను కూడా పరీక్షకు రమ్మంటుంది, ముందు జాగ్రత్త మాత్రలు కొన్ని నెలలపాటు వాడమంటుంది. "జబ్బు మా మామగారికైతే మందులు నాకెందుకమ్మా?" అని కోడలు అడుగుతుంది. ఆ ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పడం వైద్యంలో భాగమే అనుకుంటాను. లోపల నిద్రపోతున్నది లేచేలోపే దాన్ని తీసేయడానికి ఆ మాత్రలు.

కుష్ఠు మరీ నిదానం. సోకాక సగటున ఐదేళ్లకు, ఒక్కోసారి ఇరవై ఏళ్లకు కూడా మచ్చ కనిపిస్తుంది. అంత ఆలస్యంగా వచ్చే జబ్బు ఎవరినుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? పాపం అనీ శాపం అనీ మనుషుల్ని ఊరి బయట పెట్టిన చరిత్రలో ఈ ఆలస్యానికి పెద్ద పాత్ర ఉంది. కారణం కంటికి దూరమైనప్పుడు ఆ చోటును కట్టుకథ ఆక్రమిస్తుంది.

క్రిమి లేకుండా కూడా గుప్త కాలం ఉంటుంది. హిరోషిమా మీద బాంబు పడిన 1945 ఆగస్టు 6న సదాకో ససాకి అనే పిల్లకు రెండేళ్లు. ఒంటి మీద గాయం లేకుండా బయటపడింది. బాగా పరిగెత్తే పిల్లగా పెరిగింది. 1955లో రక్త క్యాన్సర్ అని తేలి, ఆ అక్టోబరులోనే పన్నెండేళ్ల వయసులో పోయింది. బాంబు నుంచి బతికినవాళ్లలో రక్త క్యాన్సర్ కొన్నేళ్లకే పెరగగా, మిగతా అవయవాల క్యాన్సర్లు పదేళ్లు దాటాక మొదలై దశాబ్దాలపాటు వస్తూనే ఉన్నాయి. ఒక కణం క్యాన్సర్ కణం కావడానికి దాని జన్యువుల్లో సాధారణంగా ఒకటి కాదు, ఎన్నో తప్పులు జరగాలి. మొదటిది ఆ రోజు జరిగితే తక్కినవి ఏళ్ల మీద చేరతాయి.

రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఇంకా ఆలస్యం. దాని సన్నటి పోగులు ఊపిరితో లోపలికి పోయి, ఊపిరితిత్తుల పొరలో అలాగే ఉండిపోతాయి. ఆ పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ మామూలుగా ఇరవై నుంచి నలభై ఏళ్లకు, ఇంకా తర్వాత కూడా బయటపడుతుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార గనులు నడిచాయి. దిగుమతి చేసుకున్న రాతినారతో మన దేశంలో ఇప్పటికీ సిమెంటు రేకులు తయారవుతున్నాయి. ముప్పై ఏళ్ల కుర్రాడు ముక్కుకు గుడ్డైనా కట్టుకోకుండా రేకు కోస్తుంటే లేచే తెల్లటి దుమ్ము, వాడికి అరవై ఏళ్లు వచ్చేసరికి జబ్బు కావచ్చు. పని బట్టలు దులిపి ఉతికిన భార్యలకు కూడా ఈ క్యాన్సర్ వచ్చిన దాఖలాలు ప్రపంచంలో ఉన్నాయి. అరవై ఏళ్ల నాటికి ఆ ఫ్యాక్టరీ ఉంటుందో ఉండదో, హాజరు పట్టీ ఎక్కడుంటుందో. నష్టపరిహారం అడగాలంటే సాక్ష్యం కావాలి, సాక్ష్యాన్నంతా ఆ ఏళ్లు తినేసి ఉంటాయి. నాకు అన్నిటికంటే బాధగా అనిపించే గుప్త కాలం ఇది. దాన్ని వాడుకుని తప్పించుకునేవాళ్లు ఉంటారు కాబట్టి.

ఇక మనసు సంగతి. టెట్, డీఎస్సీలకు చదివేవాళ్లు ఫ్రాయిడ్ చెప్పిన ఐదు దశల్లో నాలుగోదిగా గుప్త దశను బట్టీ పడుతుంటారు. సుమారు ఆరేళ్ల నుంచి యౌవనం మొదలయ్యేదాకా అని రాసుకుంటారు. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లో లైంగికత మీద రాసిన మూడు వ్యాసాల్లో దీన్ని వివరించాడు. మాట మాత్రం తన స్నేహితుడు విల్‌హెల్మ్ ఫ్లీస్ దగ్గర తీసుకున్నది. ఆయన వాదం ఇది: పసితనంలో ఒంటి మీద, తల్లిదండ్రుల మీద ఉన్న గాఢమైన ఆసక్తులు ఆరేళ్ల ప్రాంతంలో అణగిపోతాయి. అణగిపోతాయి గానీ మాయం కావు. ఆ శక్తి చదువులోకి, ఆటల్లోకి, స్నేహాల్లోకి, సిగ్గు, న్యాయం లాంటి భావాల్లోకి మళ్లుతుంది. యౌవనంలో మళ్లీ పైకి వస్తుంది.

మూడో తరగతి పిల్లల్ని ఒక్క మధ్యాహ్నం గమనిస్తే ఈ మాటల్లో ఫ్రాయిడ్ దేన్ని చూశాడో తెలుస్తుంది. మగపిల్లలు ఒక గుంపు, ఆడపిల్లలు ఒక గుంపు. అగ్గిపెట్టె లేబుళ్లు, క్రికెట్ కార్డులు, గోళీలు లెక్కపెట్టి దాచుకోవడం. ఆట కంటే ఆట నియమాల మీద ఎక్కువసేపు తగువు. కానీ దీనికి కారణం ఫ్రాయిడ్ చెప్పినదే అనడానికి గట్టి రుజువు లేదు. ట్రోబ్రియాండ్ దీవుల్లో సుమారు రెండేళ్లు గడిపిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ అక్కడి పిల్లల్లో అలాంటి విరామం కనిపించలేదని 1927లో రాశాడు. ఫ్రాయిడ్ చూసింది తన కాలపు యూరప్ ఇళ్ల కట్టుబాట్లని కావచ్చు. మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ అదే వయసును తీసుకుని, అది దాచుకునే వయసు కాదు, పని నేర్చుకునే వయసు అన్నాడు. "నాకు చేతనవును" అన్న నమ్మకం కుదరడమో, "నావల్ల కాదు" అన్న చిన్నతనం నాటుకోవడమో అప్పుడే జరుగుతుందని. నాకు ఎరిక్‌సన్ మాటే సబబుగా తోస్తుంది. శరీరం కూడా ఆ ఏళ్లలో ఊరికే ఉండదు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కొత్త హార్మోన్లు తయారుచేయడం మొదలుపెడతాయి. మీసం రావడానికి చాలా ముందే లోపల పని మొదలైందన్నమాట.

ఫ్రాయిడ్ సిద్ధాంతం ఎలా ఉన్నా, ఆ పేరు మన పెద్దల నోట ఒక ప్రమాదకరమైన మాటగా మారింది: "ఆ వయసులో వాళ్లకేం తెలుస్తుంది?" ఎనిమిదేళ్ల పిల్లకు తండ్రి పోతాడు. పదో రోజు దాకా ఏడవదు, పన్నెండో రోజు బొమ్మలతో ఆడుకుంటుంది. "పిచ్చిది, మరిచిపోయింది" అంటారు. మరిచిపోలేదు. ఆ వయసులో దుఃఖం ముక్కలుముక్కలుగా వస్తుంది. ఆర్నెల్ల తర్వాత బడికి పోనని కడుపునొప్పి అంటుంది, అమ్మ బయటికి వెళ్తే గుమ్మంలోంచి కదలదు. అప్పటికి ఆ రెంటినీ కలిపి చూసేవాళ్లు ఇంట్లో ఉండరు.

ఈ ఆలస్యాన్ని వైద్యంతో కలిపింది కూడా ఫ్రాయిడే. తన ఆఖరి పుస్తకాల్లో ఒకటైన మోషే గురించిన గ్రంథంలో, రైలు ప్రమాదం నుంచి గాయం లేకుండా నడిచి బయటికొచ్చి, వారాల తర్వాత మానసికంగా కుప్పకూలిన మనిషిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ మధ్య రోజుల్ని అంటువ్యాధుల పొదిగే కాలంతో పోల్చాడు. నేటి మానసిక వైద్యంలో కూడా దీనికి చోటుంది. ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే ఒత్తిడి రుగ్మత పూర్తి రూపంలో ఆరు నెలలు దాటాక బయటపడితే, దాన్ని ఆలస్యంగా వచ్చినదిగా గుర్తిస్తారు. అయితే ఆ ఆరు నెలలూ నిజంగా ప్రశాంతంగా గడవడం అరుదు. నిద్ర చెడటం, ఉలిక్కిపడటం, ఆ దారిన వెళ్లకపోవడం లాంటివి ముందునుంచే ఉంటాయి. "బానే ఉన్నాను" అన్న మాట విని పక్కవాళ్లు అక్కడితో ఆగిపోతారు.

మనసు జబ్బుల మందులకు కూడా గుప్త కాలం ఉందని చాలామందికి ఎవరూ చెప్పరు. డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లోనే వికారం, నోరెండటం లాంటివి రావచ్చు. మనసు తేలికపడటానికి మాత్రం మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు, ఎనిమిది వారాలు కూడా పడుతుంది. చెడు ముందు కనిపిస్తుంది, మంచి తర్వాత వస్తుంది. పదో రోజున "ఈ మందు పడలేదు" అని ఆపేసినవాళ్లను నేను చాలామందినే చూశాను. ఇంకో రెండు వారాలు ఓపిక పట్టమని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

గుప్త కాలం అన్న మాటకే ప్రయోగశాలలో ఇంకా చిన్న అర్థం ఉంది. దీపం వెలిగిన క్షణానికీ మనిషి మీట నొక్కిన క్షణానికీ మధ్య వ్యవధి, పడక చేరినప్పటినుంచి నిద్ర పట్టేదాకా పట్టే నిమిషాలు, వీటినీ గుప్త కాలమే అంటారు. 1850లో శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ కప్ప కాలి నరంలో సంకేతం నడిచే వేగం కొలిచి, అది సెకనుకు సుమారు ముప్పై మీటర్లే అని తేల్చాడు. అప్పటిదాకా తలపు కదిలితే చెయ్యి అదే క్షణంలో కదులుతుందనుకునేవారు.

నానమ్మగారి దగ్గర ఇదంతా చెప్పలేదు. కరిచిన కుక్క ఆ సాయంత్రం నుంచి వీధిలో మళ్లీ కనిపించలేదు కదా అని గుర్తుచేశాను. పది రోజులు చూడాల్సింది దాన్ని, అది లేదు. పిల్లాడి కాల్లో ఏముందో, ఏమీ లేదో, పైనుంచి చూసి చెప్పలేం అన్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి లోపలికెళ్లింది. గోడకున్న పంచాంగం క్యాలెండర్ మీద వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఆ తేదీ చుట్టూ మనవడి పెన్సిల్‌తో గట్టిగా సున్నా చుట్టింది. "ఆ రోజు అమావాస్య" అంది కాసేపాగి. "అయినా పంపిస్తాలే."